తెర మీది తొడుగు

మన ఇండ్లలో విలువైన వస్తువుకు తొడుగు వేసే అలవాటు చాలా పాతది. మా బాల్యంలో అమ్మగారు పాత పట్టు రవికెల ముక్కలతో ఖుర్ఆన్ ప్రతులకు జుజ్దానులు కుట్టేవారు. బడులు తెరవగానే పాఠ్యపుస్తకాలన్నింటికీ పాత క్యాలెండరు కాగితాలతో అట్టలు వేయడం ఇంట్లోని పిల్లలందరి మొదటి పని. టీవీ వచ్చాక దానిమీద అల్లిక గుడ్డ పరిచారు. రిమోటుకు పాలిథిన్ కవరు తొడిగి రబ్బరు బ్యాండు వేశారు. ఆ కవరు మసకబారి అంకెలు కనిపించకపోయినా దానిని విప్పి పారవేసిన ఇల్లు మేము చూడలేదు. కొందరు దీనిని చూసి నవ్వుతారు. మేము నవ్వలేము. ఒక వస్తువు కొనడానికి ఎన్ని నెలలు కూడబెట్టవలసి వచ్చిందో తెలిసినవారే దానికి తొడుగు వేస్తారు.

ఇప్పుడు ఆ గౌరవం చేతిఫోనుకు దక్కింది. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోను, దాని వాయిదాలు ఇంకా తీరలేదు. అటువంటి ఇంట్లో ఫోను తెరపై ఒక్క గీత పడినా గృహిణి మనసు చివుక్కుమంటుంది. దుకాణంలో స్క్రీన్ గార్డు దొరకకపోతే ఇంట్లో దొరికిన ప్లాస్టిక్‌నే కత్తిరించి అతికిస్తుంది. అది తప్పు కాదు. అయితే అటువంటి ఒక తొడుగు కారణంగా మేము ఒక చిన్నారి పట్ల అన్యాయం చేశాము. ఇరవై ఎనిమిదేళ్ళుగా పిల్లలకు పాఠాలు చెబుతున్న మాకు, ఫోను తెర ఎలా పనిచేస్తుందో తెలియకపోవడం అంత పెద్ద లోపమేమీ కాదు. తెలియని విషయంపై తీర్పు చెప్పడమే పెద్ద లోపం. ఆ సంగతిని పాఠకులతో పంచుకోవాలన్నదే ఈ నాలుగు మాటల ఉద్దేశం.

మూగబోయిన పేరు

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. కర్నూలు పాతబస్తీలోని మా మదర్సాకు తాళం వేశాము. సాయంత్రపు మక్తబ్‌కు వచ్చే బాలబాలికలు ఇండ్లకే పరిమితమయ్యారు. వీధుల్లో కంచెలు వెలిశాయి. కొన్ని వారాలు గడిచాక, పాఠాలు పూర్తిగా మరచిపోతారన్న భయంతో ఫోను ద్వారా తరగతి నడపాలని నిర్ణయించుకున్నాము. మాకు ఆ విద్య కొత్త. పాలిటెక్నిక్ చదువుతున్న మా చిన్నబ్బాయి ప్రక్కన కూర్చుని అన్నీ అమర్చేవాడు.

తరగతిలో ఇరవైమందికి పైగా పిల్లలు చేరేవారు. ఒక ఇంట్లో కుక్కరు కూత, మరో ఇంట్లో పసిబిడ్డ ఏడుపు, ఇంకో ఇంట్లో మిక్సీ మోత. అన్నీ ఒక్కసారిగా మా చెవిన పడేవి. అందుకని చేరిన వెంటనే అందరి మైకులనూ మేమే మూయించేవాళ్ళం. పేరు పిలిచినప్పుడు ఆ పిల్లవాడు తెర క్రింది భాగంలోని మైకు గుర్తును తాకి, మాట విప్పుకొని పాఠం అప్పజెప్పాలి. డేటా త్వరగా అయిపోతుందని చాలామంది కెమెరాలు ఆపి ఉంచేవారు. మాకు కనిపించేవి నల్లని గడులలో తెల్లని పేర్లు మాత్రమే.

ఆ పేర్లలో ఒకటి పదేళ్ళ బాలికది. మా మక్తబ్‌లో అందరికంటే ముందు వచ్చి, ముందు వరుసలో కూర్చునే పిల్ల. వాళ్ళ ఇంట్లో మాట్లాడేది తెలుగే. అయినా అరబీ అక్షరాలను ఎక్కడినుండి పలకాలో అక్కడినుండే పలికేది. అటువంటి పిల్ల ఫోను తరగతిలో మొదటి రోజు పిలిస్తే పలకలేదు. నెట్‌వర్కు సరిగా లేదేమో అనుకున్నాము. రెండవ రోజూ పలకలేదు. “మ్యూట్ తీయమ్మా” అని నాలుగైదుసార్లు చెప్పాము. గడిలో పేరు ఉన్నది, మాట లేదు. మూడవ రోజు, నాలుగవ రోజు కూడా అంతే.

ఐదవ రోజు మా సహనం నశించింది. తరగతి మొత్తం వింటుండగా, “ఇంట్లో ఉండేసరికి చదువు మీద శ్రద్ధ పోయింది. ఫోను పెట్టేసి ఆడుకుంటున్నావు కాబోలు. చదవడం ఇష్టం లేనివారు రానవసరం లేదు. వేరేవారి సమయం పాడుచేయవద్దు” అన్నాము. మరునాటి నుండి ఆ పేరు గడిలో కనిపించలేదు. మా మాట నిజమైందనే అనుకున్నాము. ఇంకా చెప్పాలంటే, మా అంచనా సరియైనదని లోలోపల ఒకింత తృప్తి కూడా కలిగింది. ఈ వాక్యం వ్రాస్తున్నప్పుడు సిగ్గుగా ఉన్నది.

దుప్పటి సంచి ముక్క

ఆంక్షలు కొంత సడలిన తరువాత ఒక ఉదయం ఆ బాలిక తండ్రి మా గుమ్మం ముందుకు వచ్చారు. దూది ఏకి పరుపులు, దిండ్లు కుట్టడం ఆయన వృత్తి. లాక్‌డౌన్‌లో పని పూర్తిగా ఆగిపోయింది. చేతిలో ఫోను ఉన్నది. వెంట కూతురు ఉన్నది. ఆమె తలుపు చాటుననే నిలబడింది.

“హజ్రత్, పాపకు ఫోనులో మాట పోవడం లేదు. మీరు కోప్పడ్డారని ఆ రోజు నుండి సరిగా అన్నం తినడం లేదు. తప్పేమైనా ఉంటే మన్నించండి” అన్నారు ఆయన.

మేము ఫోను తీసుకొని చూశాము. కొత్త ఫోను. లాక్‌డౌన్‌కు కొద్ది రోజుల ముందు వాయిదాలపై కొన్నారట. గార్డు వేయించుదామనుకునేలోపు దుకాణాలు మూతపడ్డాయి. అప్పుడు ఆమె తల్లి, కొత్త దుప్పట్లు పెట్టి అమ్మే జిప్పు సంచి ఉంటుంది కదా, ఆ దళసరి పారదర్శక ప్లాస్టిక్‌ను కొలిచి కత్తిరించి తెరపై పరిచింది. చుట్టూ సెల్లో టేపు వేసింది. కుట్టుపని తెలిసిన చేయి కాబట్టి అంచులు తిన్నగా ఉన్నాయి. కానీ సంచికి ఉన్న మడత గుర్తు తెర క్రింది భాగంలో అడ్డంగా పడింది. ఆ మడత దగ్గర ప్లాస్టిక్ పైకి లేచి, దానిక్రింద గాలి నిలిచింది. పరుపుల ఇల్లు కనుక సన్నని దూది పోగులు కూడా లోపల చేరాయి. క్రింది అంచున టేపు రెండు పొరలుగా ఉన్నది.

మా అబ్బాయి అదే తరగతిని తెరిచి, “మైకు గుర్తును తాకండి నాన్నా” అన్నాడు. మేము తాకాము. ఏమీ కాలేదు. గట్టిగా ఒత్తాము. ఏమీ కాలేదు. తెర పైభాగంలో తాకితే ఫోను పలుకుతున్నది. క్రింది భాగంలో ఎంత ఒత్తినా పలకడం లేదు. అప్పుడు మా కంట పడింది. మైకు గుర్తు ఉండే చోట ఆ ప్లాస్టిక్ మీద అర్ధచంద్రాకారపు చిన్న చిన్న గోరు గుర్తులు పదులకొద్దీ ఉన్నాయి. ఆ చోటు తెల్లగా మారిపోయింది. ఆ చిన్నారి రోజుకు ఎన్నిసార్లు ఒత్తిందో ఆ ముక్కే సాక్ష్యం చెబుతున్నది.

“మరి వ్రాసి చెప్పకపోయావా తల్లీ?” అని అడిగాము. అడిగిన మరుక్షణమే మాకు జవాబు తెలిసిపోయింది. అక్షరాలు టైపు చేసే చోటు కూడా తెర క్రింది భాగంలోనే వస్తుంది. “ఆ ప్లాస్టిక్ తీసి చూడవలసింది కదా?” అన్నాము. వాయిదాలు తీరేవరకు దానిని తీయవద్దని నాన్న చెప్పారట. ఫోను పాడైతే మళ్ళీ కొనలేమని ఆమెకు తెలుసు.

మేము నెమ్మదిగా టేపు విప్పి ఆ ముక్కను తొలగించాము. తెరను మెత్తని గుడ్డతో తుడిచి ఆమె చేతికిచ్చాము. “నీవు ఆ ఐదు రోజులూ పాఠం చదవలేదనుకున్నాము తల్లీ” అన్నాము. ఆమె తల వంచుకొనే, “రోజూ అప్పజెప్పాను హజ్రత్. మీకు వినపడలేదంతే” అన్నది.

తరువాత ఆమె మా ముందు కూర్చుని ఆ ఐదు రోజుల పాఠమే కాదు, తాను తరగతికి రాని రోజుల పాఠం కూడా అప్పజెప్పింది. ప్రక్కింటి పిల్ల ఫోనులో వచ్చే మా పాఠాన్ని గోడ అవతలి నుండి వింటూ నేర్చుకున్నదట. రెండు చోట్ల మాత్రమే తడబడింది.

అల్ హుజురాత్ సూరాలో అనుమానాల గురించి చేసిన హెచ్చరికను మేము ఎన్ని తరగతులలో బోధించామో లెక్క లేదు. ఆ రోజు ఆ సూరాను మేమే కొత్తగా చదువుకోవలసి వచ్చింది. ఆమె తండ్రి నంబరు మా వద్ద మొదటి నుండీ ఉన్నది. ఒక్కసారి ఫోను చేసి, “పాప ఎందుకు పలకడం లేదు?” అని అడిగి ఉంటే సరిపోయేది. మైకు మూయించినది మేమే, మాట్లాడలేదని నిందించినదీ మేమే.

వేలికీ తెరకూ నడుమ

ఫోను బాగుపడింది గానీ సమస్య తీరలేదు. “తొడుగు లేకుండా ఇంట్లో ఎలా వాడాలి హజ్రత్? పిల్లలు నేలమీద పెడతారు, ఇసుక ఉంటుంది” అన్నారు తండ్రి. మా వీధిలో మొబైల్ దుకాణాలు ఇంకా తెరవలేదు. పనిచేసే తొడుగు ఒకటి చేసి ఇవ్వడం మా బాధ్యత అనిపించింది. ముందుగా ఆ ప్లాస్టిక్ ఎందుకు అడ్డుపడిందో తెలుసుకోదలిచాము. మా అబ్బాయి వివరించిన దానిని మాకు అర్థమైన మేరకు చెబుతాము.

వెనుకటి కాలపు స్పర్శ తెరలు ఒత్తిడితో పనిచేసేవి. పామ్ పైలట్ వంటి చేతి పరికరాలలో పైన మెత్తని పొర, దాని వెనుక మరో పొర ఉండేవి. పుల్లతో ఒత్తితే రెండూ కలిసి, ఎక్కడ ఒత్తామో పరికరానికి తెలిసేది. వాటిమీద ఏ ప్లాస్టిక్ పరిచినా ఒత్తిడి క్రిందికి అందేది. అందుకే వాటిని వాడేవారు ప్రొజెక్టరుకు వాడే పారదర్శక షీట్లను ఇంట్లోనే కత్తిరించి తెరలకు అతికించుకునేవారు. ఇంటి తయారీ స్క్రీన్ గార్డుల కథ అక్కడినుండే నడుస్తున్నది.

ఇప్పటి ఫోన్ల తెరకు ఒత్తిడితో పని లేదు. గాజు క్రింద కంటికి కనిపించని సన్నని వాహక గీతల వల ఉంటుంది. అందులో స్వల్పమైన విద్యుత్ క్షేత్రం ఎల్లప్పుడూ ఉంటుంది. మన శరీరం విద్యుత్తును ప్రసరింపజేయగలదు కనుక వేలు దగ్గరకు రాగానే ఆ క్షేత్రంలో చిన్న మార్పు కలుగుతుంది. ఆ మార్పునే ఫోను ‘స్పర్శ’గా గుర్తిస్తుంది. కలం మూతతో తాకితే ఫోను పలకకపోవడానికి కారణం ఇదే. గట్టిగా ఒత్తినంత మాత్రాన లాభం లేదు. వేలు ఎంత దగ్గరగా వచ్చిందనేదే ముఖ్యం.

ఇక్కడ మాకొక సందేహం కలిగింది. దుకాణంలో అమ్మే గాజు గార్డు కూడా మిల్లీమీటరులో మూడవ వంతు మందం ఉంటుంది. అది అడ్డుపడదు, ఈ ప్లాస్టిక్ ఎందుకు అడ్డుపడింది? జవాబు గాలిలో ఉన్నది. గాజు ద్వారా వేలి ప్రభావం బాగా అందుతుంది. ప్లాస్టిక్ ద్వారా అంతకంటే తక్కువగా, గాలి ద్వారా ఇంకా తక్కువగా అందుతుంది. తెరకు పూర్తిగా అంటుకొని ఉన్న దళసరి గాజు కంటే, పైకి లేచి క్రింద గాలి నింపుకొన్న పలుచని ప్లాస్టికే ఎక్కువ అడ్డు. దీనిని ఎవరైనా ఇంట్లో పరీక్షించవచ్చు. పలుచని పాలిథిన్ కవరును తెరపై బిగుతుగా పరిచి తాకండి, ఫోను పలుకుతుంది. అదే కవరును ఉబ్బెత్తుగా వదిలి, వేలిని తెర వరకు ఒత్తకుండా పైపైన తాకండి, పలకదు. మా చిన్నారి తరగతిలో మడత క్రింది గాలి, దూది, రెండు పొరల టేపు అన్నీ ఒకే చోట చేరాయి. మైకు గుర్తు కూడా సరిగ్గా ఆ చోటే ఉన్నది.

ఇంట్లో చేసుకోదలచినవారికి

ఆ వారమంతా మేమూ మా అబ్బాయీ రకరకాల పదార్థాలను ప్రయత్నించాము. మా శ్రీమతి వంటగది కత్తెర మాయమైందని రెండుసార్లు వెతుక్కున్నారు. మా అనుభవంలో తేలిన విషయాలివి.

పుస్తకాలకు అట్టగా వేసే జిగురు ప్లాస్టిక్ సులభంగా దొరుకుతుంది. కానీ దాని జిగురు తెరను మసక చేస్తుంది. తీసిన తరువాత మరకలు మిగులుతాయి. వంటలకు చుట్టే పలుచని ఫిల్ము ముడతలు పడుతుంది. తడి చేతులతో ఫోను చూడవలసి వచ్చినప్పుడు కాసేపు చుట్టడానికి అది పనికివస్తుంది, అంతకుమించి నిలవదు. లామినేషన్ కవరును ఉన్నదున్నట్లు వాడితే మబ్బుగా కనిపిస్తుంది. ఎందుకంటే దాని లోపలివైపు వేడికి కరిగే జిగురు పూత ఉంటుంది. లోపల ఏ కాగితమూ పెట్టకుండా యంత్రంలో నడిపిస్తే రెండు పొరలూ ఒకటై తేటగా మారుతాయి. అయితే అది తనంతట తాను తెరకు అంటదు. అంచుల్లో సన్నని టేపు వేయాలి, లోపల గాలి లేకుండా చూసుకోవాలి. ప్రొజెక్టరు షీటు ఇంతకంటే పలుచన. ప్రింటరు కోసం చేసిన రకానికి ఒకవైపు గరుకు పూత ఉంటుంది, అది వద్దు. రెండువైపులా నునుపుగా ఉన్నది మంచిది.

అన్నింటికంటే మేలైన మార్గం మరొకటి. ట్యాబ్లెట్ల కోసం అమ్మే పెద్ద ప్లాస్టిక్ ఫిల్ము గార్డు ఒకటి మా అబ్బాయి వద్ద వాడకుండా ఉన్నది. దానికి సిలికాన్ అంటు ఉంటుంది. ఒక్క ముక్కను కత్తిరిస్తే రెండు ఫోన్లకు సరిపోయింది. తీసినా మరక మిగలదు. చివరకు ఆ బాలిక ఫోనుకు వేసినది ఇదే.

పని విధానంలో తొందర పనికిరాదు. మొదట కాగితంపై ఫోను కొలతతో నమూనా గీయాలి. తెర అంచులు కాస్త వంపు తిరిగి ఉంటాయి కనుక నమూనాను నాలుగువైపులా ఒక మిల్లీమీటరు తగ్గించాలి. మూలలు కోణంగా ఉంటే త్వరగా లేస్తాయి. అందుకని రూపాయి బిళ్ళ పెట్టి గుండ్రంగా గీయాలి. పైభాగంలో మాట వినిపించే సందును, ముందు కెమెరాను, వాటి ప్రక్కనుండే సెన్సారును వదిలిపెట్టాలి. ఫోనును చెవి దగ్గర పెట్టుకోగానే తెరను ఆర్పేది ఆ సెన్సారే. దానిని మసక ప్లాస్టిక్‌తో మూస్తే, చెవి దగ్గరే ఉన్నదని భ్రమించి మాట్లాడడం ముగిశాక కూడా తెర వెలగదు.

అతికించే ముందు ఫ్యాను ఆపాలి. స్నానాలు ముగిసిన తరువాత స్నానాల గదిలో తేమకు ధూళి అణిగి ఉంటుంది, ఆ సమయం అనుకూలం. తెరను మెత్తని పొడి గుడ్డతో తుడిచి, మిగిలిన నలుసులను టేపు ముక్కతో ఎత్తివేయాలి. ఒక అంచు నుండి మొదలుపెట్టి నెమ్మదిగా దించుతూ, ఏటీఎం కార్డుకు గుడ్డ చుట్టి గాలిని బయటి అంచుల వైపు నెట్టాలి. చిన్న చిన్న బుడగలు ఒకటి రెండు రోజుల్లో వాటంతటవే పోతాయి. నలుసు ఉన్న చోట బుడగ మాత్రం పోదు. కొందరు సబ్బునీరు చల్లి అతికించమంటారు. నీటిని తట్టుకోని ఫోన్లకు అది ప్రమాదం, మేము చేయలేదు.

ఈ తొడుగు దేనిని ఆపుతుంది?

ఇంట్లో చేసిన ప్లాస్టిక్ తొడుగు గీతలను ఆపుతుంది. పడిపోయినప్పుడు తగిలే దెబ్బను ఆపలేదు. ఈ తేడా తెలియక చాలామంది మోసపోతారు.

ఫోను తెర గాజు మామూలు గాజు కాదు. దానిని వేడి పొటాషియం లవణపు ద్రవంలో ముంచుతారు. గాజులోని చిన్న సోడియం అయాన్ల స్థానంలోకి పెద్దవైన పొటాషియం అయాన్లు చేరి ఇరుక్కుంటాయి. దానితో గాజు పైపొర బిగుసుకొని దెబ్బలను తట్టుకుంటుంది. అయినా ఇసుక ముందు అది నిలవదు. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోహ్స్ కొలతలో ఇసుకలోని క్వార్ట్‌జ్‌ది 7వ స్థానం. గాజు అంతకంటే తక్కువ. జేబులోని తాళంచెవి కంటే జేబు అడుగున చేరిన ఇసుక రేణువే తెరకు ఎక్కువ కీడు చేస్తుంది. తుంగభద్ర ఒడ్డున ఇసుక పనికి వెళ్ళేవారు, మేస్త్రీలు, వారి ఇండ్లవారు దీనిని గుర్తుంచుకోవాలి. ప్లాస్టిక్ తొడుగు తానే గీతలు పడి క్రింది గాజును కాపాడుతుంది. మసకబారాక దానిని మార్చాలి.

దుకాణపు గాజు గార్డు పెట్టెపై ‘9హెచ్’ అని ఉంటుంది. అది మోహ్స్ కొలత కాదు, పెన్సిళ్ళ గట్టిదనపు కొలత. ఆ రకం పెన్సిలుతో గీసినా గీత పడదని మాత్రమే దాని అర్థం. ఇసుకతోనూ గీత పడదని కాదు. అయితే గాజు గార్డు తాను పగిలి ఫోనుకు తగిలే దెబ్బను కొంతవరకు తీసుకుంటుంది. ఫోను తరచుగా చేయి జారే ఇండ్లలో డబ్బు సమకూరగానే గాజు గార్డు వేయించుకోవడమే మేలు.

మరి రెండు మాటలు. తెరపై గీతలు పోవడానికి టూత్‌పేస్టు రుద్దడం మంచిది కాదు. అందులోని గరుకు పదార్థం, వేలి జిడ్డు అంటకుండా తెరపై వేసిన పూతను అరగదీస్తుంది. తెర పగిలి పెంకులు లేస్తుంటే, మరమ్మతు చేయించేవరకు దానిమీద పారదర్శక టేపు వేసి, పిల్లల చేతికి ఇవ్వకుండా ఉండాలి.

అందరి ముందు అన్న మాట

ఆ బాలిక ఫోనుకు కొత్త తొడుగు వేసి ఇచ్చిన రోజున ఆమె తల్లి కబురు పంపింది. “నా వల్లనే పాపకు మాట పడింది” అని ఆమె బాధపడుతున్నదట. ఆమె తప్పేమీ లేదని, కష్టార్జితాన్ని కాపాడుకోవాలనుకున్న చేతులవని మేము తిరిగి కబురు పంపాము.

మరునాడు తరగతిలో అందరూ చేరిన తరువాత పాఠం మొదలుపెట్టే ముందు జరిగినదంతా పిల్లలకు చెప్పాము. అందరి ముందు అన్న మాటకు చాటుగా క్షమాపణ చెబితే సరిపోదు. “ఈ అమ్మాయి రోజూ పాఠం చదివింది. విననిది మేమే. తెలుసుకోకుండా కోప్పడ్డాము. తల్లీ, మమ్మల్ని క్షమించు” అన్నాము. కొద్దిసేపు నిశ్శబ్దం. అప్పుడు ఆ నల్లని గడిలో మైకు గుర్తు తెరుచుకున్నది. “హజ్రత్, ఇప్పుడు నా వంతేనా?” అని వినిపించింది. ఆమె వంతు కాదు, వరుసలో ఇంకా ఆరుగురు ఉన్నారు. అయినా ఆమెకే ఇచ్చాము.

మదర్సా మళ్ళీ తెరిచాక ఒక గురువారం సాయంత్రం పాఠాలు ముగించి, పిల్లలచేత వారి ఇండ్ల ఫోన్లకు తొడుగులు చేయించాము. కాగితపు నమూనాలు గీయడం నేర్పినది ఆ బాలికే. మూలలు తిప్పి కత్తిరించడం ఆమె తల్లి వచ్చి చూపించారు. ఆ పనిలో ఆమె చేతివాటం ముందు మా అబ్బాయి పాలిటెక్నిక్ చదువు నిలవలేదు.

ఆ బాలిక ఇప్పుడు ఉన్నత పాఠశాల చదువు ముగించే వయసులో ఉన్నది. ఆ ఫోను వాయిదాలు ఎప్పుడో తీరిపోయాయి. వర్షాలకు, పండుగ ప్రయాణాలకు ఊళ్ళు దాటినప్పుడు మేము ఇప్పటికీ అప్పుడప్పుడు ఫోను తరగతి నడుపుతాము. ఏ పేరైనా రెండుసార్లు పిలిచి పలకకపోతే, మూడవసారి పిలవము. తరగతి ముగియగానే ఆ ఇంటికి ఫోను చేసి, “బిడ్డ బాగున్నదా? ఫోను బాగున్నదా?” అని అడుగుతాము. ఎక్కువసార్లు ఏదో ఒక చిన్న కారణమే తెలుస్తుంది. ఒకసారి ఛార్జింగు అయిపోయి ఉంటుంది, ఒకసారి తమ్ముడు లాక్కొని ఉంటాడు. ఒకసారి మాత్రం ఆ ఇంట్లో పెద్దవారికి ఒంట్లో బాగా లేదని తెలిసి, వెళ్ళి పరామర్శించి వచ్చాము.

తల్లిదండ్రులకు, తోటి ఉపాధ్యాయులకు మా విన్నపం ఒక్కటే. ఫోనుకు తొడుగు వేయండి, గాలి నిలవకుండా వేయండి, తెర అంతటా వేలు పలుకుతున్నదో లేదో ఒకసారి తాకి చూడండి. బిడ్డ పలకడం లేదని కోపం వచ్చినప్పుడు కూడా ముందుగా ఆ తెరను ఒకసారి తాకి చూడండి. అల్లాహ్ మనందరికీ విని తీర్పు చెప్పే ఓర్పును ప్రసాదించుగాక. ఆమీన్.